మోషన్ అంటని స్వాబ్ లెక్కలోకి రాదు: ఐసీయూలో సీఆర్ఈ స్క్రీనింగ్ అనుభవం

తిరుపతిలో పెద్దాసుపత్రి ఐసీయూకి నేరుగా ఇంటి నుంచి వచ్చే రోగులు తక్కువ. మదనపల్లె, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, రాజంపేట వైపుల నుంచి వచ్చేవాళ్లు ముందు తమ ఊళ్లో ఒక నర్సింగ్ హోంలో నాలుగు రోజులు, ఆ తర్వాత చిత్తూరులోనో వేలూరులోనో చెన్నైలోనో కొన్నాళ్లు ఉండి ఉంటారు. పోయిన ప్రతి చోటా ఏదో ఒక పెద్ద యాంటీబయాటిక్ పడి ఉంటుంది. అలా వచ్చిన మనిషి పేగుల్లో మెరోపెనెమ్‌కి కూడా లొంగని క్లెబ్సియెల్లానో ఈ-కోలైనో తిష్ఠ వేసి ఉండొచ్చు. జ్వరం ఉండదు, విరేచనాలు ఉండవు, ఏ ఇబ్బందీ ఉండదు. కానీ బెడ్‌పాన్ మీదుగా, మన చేతుల మీదుగా అది పక్క మంచానికి చేరుతుంది. ఆ రోగికే రేపు వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చినా, సెంట్రల్ లైన్ వేసినా, కీమో ఇచ్చినా అదే క్రిమి రక్తంలోకి ఎక్కే ప్రమాదం ఉంది.

మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌ల వర్గాన్ని కార్బాపెనెమ్‌లు అంటారు. ఈ క్రిములనే కార్బాపెనెమ్‌కి లొంగని ఎంటెరోబ్యాక్టీరియేల్స్ (పేగుల్లో ఉండే క్రిముల జాతి) అంటాం, పొట్టిగా సీఆర్ఈ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 జాబితాలోనూ, 2024లో సవరించిన జాబితాలోనూ వీటిని అత్యంత ప్రమాదకరమైన వర్గంలోనే పెట్టింది. ఈ మందులను విరిచే ఎంజైమ్‌లను క్రిమి చేత చేయించే జన్యువుల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించేవి రెండు: ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 జాతివి. 2010లో ఎన్‌డీఎం గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసిన అధ్యయనంలో మన పక్కనున్న చెన్నై శాంపిళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఇది ఎక్కడో జరిగే సంగతి అనుకోవడానికి లేదు.

ఈ క్రిమి పేగుల్లో ఉందేమో తెలుసుకోవడానికి మలద్వారం నుంచి స్వాబ్ (దూది పుల్ల) తీసి ల్యాబ్‌లో చూడటమే స్క్రీనింగ్. ఈ పరీక్షలో ల్యాబ్ భాగం పద్ధతి ప్రకారం పోతే పెద్దగా తప్పదు. తప్పేది రెండు చివర్లలో: మంచం దగ్గర స్వాబ్ తీసేటప్పుడు, రిపోర్టు వార్డుకి చేరిన తర్వాత. అందుకే ఆ రెండింటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఎవరికి తీయాలన్నది ముందు తేల్చుకోవాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ తీస్తే మీడియా (ల్యాబ్‌లో క్రిములను పెంచే పోషకాలు), మనుషులు, మంచాలు ఏవీ చాలవు. ఐసీయూలో చేరే ప్రతి రోగికీ చేరిన రోజే తీస్తాం. వార్డుల్లో అయితే గడిచిన ఏడాదిలో వేరే ఆసుపత్రిలో ఒక రాత్రయినా ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, మార్పిడి ఆపరేషన్‌కి గానీ రక్త క్యాన్సర్ చికిత్సకి గానీ వచ్చినవాళ్లు, ఇంతకు ముందు పాజిటివ్ వచ్చినవాళ్లు. వీళ్లు కాక, పాజిటివ్ రోగి పక్కన పడుకున్నవాళ్లు. నెగటివ్ వచ్చి ఐసీయూలోనే కొనసాగేవాళ్లకి వారానికోసారి మళ్లీ తీస్తాం. చేరిన రోజు లేనిది మన దగ్గరే అంటుకుందా అన్నది తెలిసేది ఆ వారపు స్వాబ్‌తోనే. దాన్ని మానేస్తే స్క్రీనింగ్‌లో సగం పోయినట్టే.

స్వాబ్ అనగానే రోగి వెంట ఉండే అటెండర్లు భయపడతారు. కొందరికి కరోనా రోజుల ముక్కు స్వాబ్ గుర్తొస్తుంది, కొందరు కొత్త జబ్బేదో బయటపడిందనుకుంటారు. సిస్టర్లు ఇలా చెబితే చాలావరకు ఒప్పుకుంటారు: "అమ్మా, మీ ఆయనకి కొత్త రోగం ఏమీ రాలేదు. పేగుల్లో మందులకు లొంగని క్రిమి ఉందేమో చూస్తాం, అంతే. సన్న దూది పుల్ల మోషన్ వచ్చే చోట కొంచెం పెట్టి తీస్తాం. అర నిమిషం పని, నొప్పి ఉండదు." రోగి స్పృహలో ఉంటే ఇదే మాట ముందు ఆయనకే చెప్పాలి. "పెద్దాయనా, కొంచెం పక్కకి తిరుగు" అని గుడ్డ లాగేసి పని కానిచ్చేయడం తప్పు. తెర లాగాలి, చెప్పాలి, ఒప్పుకున్నాకే తీయాలి. ఆడవాళ్లకి ఆడ సిస్టరే తీయాలి.

తీసే పద్ధతి ఇది. చేతులు శుభ్రం చేసుకుని గ్లవుజులు వేసుకోవాలి. రోగిని ఎడమ పక్కకి తిప్పి మోకాళ్లు కొంచెం ముడిపించాలి. స్వాబ్ కొసను స్టెరైల్ సెలైన్‌తో తడపాలి. జారడానికని జెల్లీ రాయొద్దు, కొన్ని జెల్లీల్లో ఉండే ప్రిజర్వేటివ్‌లు క్రిమి పెరగకుండా అడ్డుకుంటాయి. మలద్వారం బిగువు దాటి సుమారు 2 సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, మెల్లగా గుండ్రంగా తిప్పి, కొన్ని సెకన్లు ఉంచి బయటికి తీయాలి. వెలుతురులో కొసను చూడాలి. పసుపో గోధుమో రంగు అంటి ఉండాలి. తెల్లగా వస్తే ఇంకో కొత్త స్వాబ్‌తో మళ్లీ తీయాలి.

ఈ పరీక్ష మొత్తంలో ముఖ్యమైన మాట ఆ మరకే. తెల్లని స్వాబ్ ల్యాబ్‌కి వస్తే అందులో ఏమీ పెరగదు, 'నెగటివ్' అని రిపోర్టు పోతుంది, వార్డు దాన్ని నమ్మి రోగిని నలుగురి మధ్య పడుకోబెడుతుంది. తీయకుండా వదిలేసిన స్వాబ్ కన్నా ఇది ఎక్కువ చేటు, ఎందుకంటే తీయలేదని తెలిస్తే కనీసం జాగ్రత్తగానైనా ఉంటారు. అందుకే మరక లేని స్వాబ్‌ను ల్యాబ్ తిరస్కరించాలని మేం గట్టిగా పట్టుబడతాం. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు పది మంచాలు చూసుకుంటున్నప్పుడు పైపైన తుడిచి పంపడం ఎందుకు జరుగుతుందో మాకు తెలుసు. వాళ్ల మీద కోప్పడి ప్రయోజనం లేదు. ఉదయం డైపర్ మార్చే వేళకే స్వాబ్ కూడా పెట్టుకుంటే రోగిని రెండుసార్లు కదిలించే పని తప్పుతుంది, మరకా అంటుతుంది. ఒళ్లు తుడిచే ముందే తీయాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందుతో తుడిచాక తీస్తే ఆ మందు కొసకి అంటే అవకాశం ఉంది.

కొందరికి లోపలికి పెట్టనే కూడదు. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) బాగా పడిపోయినవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, మొలలు నెత్తురోడుతున్నవాళ్లు, ఈమధ్యే ఆ చోట ఆపరేషన్ అయినవాళ్లు. వీళ్లకి మోషన్ శాంపిల్ తీసుకుంటే సరిపోతుంది, మూత్రం కలవకుండా చిన్న చెంచాడు చాలు. కొలోస్టమీ (మోషన్ పోవడానికి పొట్ట మీద ఆపరేషన్‌తో పెట్టిన దారి) ఉంటే ఆ దారి నోరు, అంటే స్టోమా నుంచి తీయాలి.

రిక్వెస్ట్ ఫారం మీద ఉట్టి 'స్వాబ్, కల్చర్ సెన్సిటివిటీ' అని రాస్తే పని చెడుతుంది. ల్యాబ్‌లో దాన్ని పుండు స్వాబ్ అనుకుని బ్లడ్ అగార్, మకాంకీ అనే మామూలు మీడియా ప్లేట్ల మీద వేసేస్తారు, మర్నాడు పేగుల్లో మామూలుగా ఉండే క్రిములన్నీ పెరిగి కూర్చుంటాయి. 'రెక్టల్ స్వాబ్, సీఆర్ఈ స్క్రీనింగ్' అని స్పష్టంగా రాయాలి. ఐపీ నంబరు, మంచం నంబరు, ఏ ఆసుపత్రి నుంచి వచ్చారు, ఇప్పుడు ఏ యాంటీబయాటిక్ నడుస్తోంది, ఇవన్నీ ఉండాలి.

స్వాబ్‌ను పొడి గొట్టంలో పంపకూడదు. ఎయిమీస్ గానీ క్యారీ-బ్లెయిర్ గానీ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో గుచ్చి మూత బిగించాలి. అదే ఆసుపత్రి అయితే ఆ పూటే ల్యాబ్‌కి చేరాలి. చిత్తూరు నుంచి తిరుపతికి పంపే శాంపిళ్ల సంగతి వేరు. దూరం డెబ్బై కిలోమీటర్లే అయినా, మధ్యాహ్నం తీసిన స్వాబ్ సాయంత్రం దాకా రిసెప్షన్ బల్ల మీదే ఉండి, బస్సులో వచ్చి, రాత్రికి చేరుతుంది. మే నెల ఎండలో అలా తిరిగితే మామూలు క్రిములు విపరీతంగా పెరిగి మనకి కావలసింది కింద పడిపోతుంది. ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, 24 గంటల్లోపు మీడియాలో పడేలా చూసుకోవాలి. శనివారం సాయంత్రం తీసి సోమవారం పంపడం కన్నా సోమవారం పొద్దున్నే తీయడం మేలు.

ల్యాబ్‌లో మేం నమ్ముకున్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ల బ్రాత్ (ద్రవ మీడియా) పద్ధతి. ఖర్చు తక్కువ, ఏ జిల్లా ల్యాబ్‌లోనైనా చేయొచ్చు. 5 మి.లీ. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ గొట్టంలో 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్క్ (మందు ఇంకించిన చిన్న కాగితపు బిళ్ల) ఒకటి వేసి, వెంటనే స్వాబ్‌ను అందులో ముంచి, 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. ఈ లెక్కలో మందు గాఢత మి.లీ.కి 2 మైక్రోగ్రాములు. గొట్టంలో 10 మి.లీ. బ్రాత్ ఉంటే గాఢత సగమైపోయి అక్కర్లేనివీ పెరుగుతాయి. గట్టిగా ఉండాలని రెండు డిస్కులు వేస్తే ఓఎక్స్‌ఏ-48 ఉన్నవి కొన్ని చచ్చిపోవచ్చు, ఎందుకంటే ఆ ఎంజైమ్ మెరోపెనెమ్‌ని నెమ్మదిగానే విరుస్తుంది. బ్రాత్‌ను కళ్లతో కొలిచి పోయకండి, పిపెట్‌తో పోయండి.

డిస్కుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కార్బాపెనెమ్‌లైన మెరోపెనెమ్, ఇమిపెనెమ్ రెండూ వేడికీ చెమ్మకీ త్వరగా పాడయ్యే మందులు, ఇమిపెనెమ్ మరీ. నిల్వ అంతా ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వారానికి సరిపడా మాత్రం ఫ్రిజ్‌లోకి తెచ్చుకోవాలి. తీసిన కార్ట్రిడ్జ్ గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. చల్లటి డిస్కుల మీద మన వేసవి గాలి తగిలితే క్షణంలో చెమ్మ పడుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఫ్రీజర్ ఎంత వేడెక్కిందో రాసుకునే పుస్తకం ఉండాలి. డిస్క్ బలం తగ్గితే ప్రతి బ్రాత్‌లోనూ ఏదో ఒకటి పెరుగుతుంది, వార్డంతా పాజిటివ్‌గా కనిపిస్తుంది. ఒకే రోజు పాజిటివ్‌లు ఒక్కసారిగా పెరిగాయంటే మేం ముందు చూసేది వార్డును కాదు, ఆ లాట్ డిస్కులతో ఏటీసీసీ 25922 ఈ-కోలై (మందుకు లొంగే, పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే క్రిమి) కంట్రోల్ జోన్, అంటే డిస్క్ చుట్టూ క్రిమి పెరగని వలయం, ఎంత వచ్చిందన్నది.

మర్నాడు బ్రాత్ కలకబారి ఉంటే పాజిటివ్ అని కాదు, తేటగా ఉంటే నెగటివ్ అనీ కాదు. ఎంటెరోకాకస్, కాండిడా, సూడోమోనాస్ అన్నీ ఆ మందులో హాయిగా పెరుగుతాయి. గొట్టాన్ని వోర్టెక్స్ (గొట్టాలను కుదిపే యంత్రం) మీద బాగా కలిపి, 100 మైక్రోలీటర్లు మకాంకీ అగార్ ప్లేట్ మీద వేసి విడివిడి కాలనీలు (క్రిముల చుక్కలు) వచ్చేలా గీయాలి. లూప్‌తో చిన్న చుక్క తీస్తే తక్కువ సంఖ్యలో ఉన్న క్రిమి దొరకదు.

ఇంకో రాత్రి గడిచాక ప్లేట్ చూస్తాం. ఈ-కోలై అయితే చదునుగా, ముదురు గులాబీ రంగులో, చుట్టూ అదే రంగు మసకతో ఉంటుంది. క్లెబ్సియెల్లా ఉబ్బి, జిగురుగా మెరుస్తూ ఉంటుంది. లూప్ ఆనించి పైకెత్తితే లడ్డూ పాకం తీగ సాగినట్టు సాగొచ్చు. మోసం చేసేది ఎసినెటోబ్యాక్టర్ అనే వేరే జాతి క్రిమి. లేత గులాబీ ఛాయతో కనిపించి, ఆక్సిడేజ్ అనే రసాయన పరీక్షలో కూడా క్లెబ్సియెల్లాలాగే నెగటివ్ ఇస్తుంది. దాన్ని పట్టించేది టీఎస్ఐ గొట్టం, అంటే మూడు రకాల చక్కెరలున్న మీడియా. క్లెబ్సియెల్లా పైనా కిందా పసుపు చేసి గ్యాస్‌తో అగార్‌ను చీలుస్తుంది, ఎసినెటోబ్యాక్టర్ అందులో చక్కెర దేన్నీ ముట్టదు. ఎసినెటోబ్యాక్టర్ దొరికినా వార్డుకి చెప్పాల్సిందే, కానీ సీఆర్ఈ లెక్కలో కలపకూడదు. ఒకే ప్లేట్ మీద రెండు రకాల గులాబీ కాలనీలు ఉంటే రెండింటినీ విడిగా తీయాలి. క్రోమోజెనిక్ అగార్ (క్రిమిని బట్టి కాలనీ రంగు మారే ప్లేట్) కొనగలిగితే స్వాబ్‌ను నేరుగా దాని మీదే వేయొచ్చు, ఒక రోజు కలిసి వస్తుంది. కానీ ప్లేట్ ధర ఎక్కువ, గడువూ తక్కువ.

కాలనీ దొరికాక డిస్క్ డిఫ్యూజన్, అంటే ఆ క్రిమిని ప్లేట్ మీద పరిచి, మందు డిస్కులు పెట్టి, జోన్ కొలవడం. మెరోపెనెమ్ జోన్ 19 మి.మీ. లేదా తక్కువైతే, ఎర్టాపెనెమ్ 18 లేదా తక్కువైతే రెసిస్టెంట్. ఓఎక్స్‌ఏ-48 రకాలను ముందుగా పట్టిచ్చేది ఎర్టాపెనెమే, కాబట్టి మెరోపెనెమ్ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. ప్రోటియస్, మోర్గనెల్లా, ప్రొవిడెన్షియా జాతులు పుట్టుకతోనే ఇమిపెనెమ్‌కి సరిగా లొంగవు, వాటిని ఇమిపెనెమ్ ఒక్కదాంతో సీఆర్ఈ అనేయకూడదు.

కార్బాపెనెమ్‌ను విరిచే ఎంజైమ్ ఉందో లేదో తేల్చడానికి ఎంసిమ్ (mCIM) అనే పరీక్ష చేస్తాం. 2 మి.లీ. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 1 మైక్రోలీటర్ లూప్ నిండా తాజా కాలనీ కలిపి, మెరోపెనెమ్ డిస్క్ ముంచి, 35 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచాలి. పావుగంట అటూ ఇటూ పరవాలేదు, భోజనానికి పోయి మరిచిపోతే పనికిరాదు. తర్వాత డిస్క్‌ను లూప్‌తో ఎత్తి, గొట్టం గోడకి ఒత్తి నీరంతా పిండి, 25922 ఈ-కోలై పరిచిన ముల్లర్-హింటన్ ప్లేట్ మీద పెట్టాలి. నీరు సరిగా పిండకపోతే జోన్ అంచు చెదిరి చదవడానికి రాదు. మర్నాడు 6 నుంచి 15 మి.మీ. వస్తే పాజిటివ్, అంటే క్రిమి మందును తినేసింది. 19 లేదా ఎక్కువైతే నెగటివ్. 16 నుంచి 18 మధ్య వచ్చి, లోపల చుక్కల్లాంటి కాలనీలుంటే పాజిటివ్, లేకపోతే తేల్చలేం, మళ్లీ చేయాలి. పక్కన ఇంకో గొట్టంలో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు కలిపి ఇదే చేస్తే ఈసిమ్ (eCIM). అందులో జోన్ 5 మి.మీ. గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగితే ఎన్‌డీఎం లాంటి లోహపు ఎంజైమ్. మన దగ్గర ఒకే క్రిమిలో ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 రెండూ ఉండటం వింత కాదు. అప్పుడు ఈసిమ్ నెగటివ్ చూపి దారి తప్పించొచ్చు.

క్షయ కోసం వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషిన్‌లోనే ఈ జన్యువులకి వేరే కార్ట్రిడ్జ్ ఉంది, గంటలోపు ఐదు రకాలు చెబుతుంది. ఖరీదు వల్ల రోజూ వాడలేం. ఐసీయూలో మిగిలింది ఒక్క గదే, అది ఎవరికివ్వాలో ఈ రాత్రే తేలాలి అన్నప్పుడు వాడటం న్యాయం.

ఇక రెండో చివర. పాజిటివ్ రాగానే ల్యాబ్ నుంచి ఫోన్ పోవాలి, కంప్యూటర్‌లో రిపోర్టు పెట్టి ఊరుకుంటే సాయంత్రం దాకా ఎవరూ చూడరు. రిపోర్టులో మేం రాసేది ఇంతే: 'పేగుల్లో సీఆర్ఈ ఉంది. ఇది కొలొనైజేషన్ (జబ్బు చేయకుండా తిష్ఠ వేయడం) మాత్రమే, చికిత్స అక్కర్లేదు. కాంటాక్ట్ జాగ్రత్తలు పాటించండి.' ఏ మందుకు లొంగుతుందన్న పట్టీ స్క్రీనింగ్ రిపోర్టుతో ఇవ్వం. ఇస్తే అందులో కొలిస్టిన్ ఒక్కటే పనిచేస్తుందని చూసి ఎవరో ఒకరు దాన్ని మొదలుపెడతారు. రోగికి కిడ్నీలు దెబ్బతింటాయి, పేగుల్లో క్రిమి మాత్రం పోదు. మందులతో పేగులను శుభ్రం చేసే ప్రయత్నం మామూలుగా చేయొద్దని 2019 యూరప్ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అయితే ఆ క్రిమిని, దాని ఫలితాలను ల్యాబ్‌లో దాచి ఉంచాలి. అదే రోగికి రేపు సెప్సిస్ వస్తే, ఎన్‌డీఎం అని ముందే తెలిసి ఉంటే డాక్టరు సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌కి తోడు అజ్‌ట్రియోనామ్ కూడా తొలి గంటల్లోనే మొదలుపెట్టగలుగుతారు. ఓఎక్స్‌ఏ-48 ఒక్కటే అయితే మొదటిది చాలు. స్క్రీనింగ్ వల్ల ఆ రోగికి నేరుగా దక్కే మేలు ఇదే.

వార్డులో విడి గది ఉంటే విడి గది, లేకపోతే పాజిటివ్ రోగులందరినీ ఒక మూలకి చేర్చి వాళ్లకి ఒకే సిస్టర్. స్టెతస్కోపు, బీపీ కఫ్, థర్మామీటర్, బెడ్‌పాన్ ఆ మంచానివే. గౌను, గ్లవుజులు ఆ మంచం దగ్గరే తీసేయాలి. గ్లవుజులు తీశాక చేతికి శానిటైజర్ రాయడం చాలామంది మరిచేది. ఇంకో సంగతి, రోగి ఒళ్లు తుడిచిన నీళ్లు చేతులు కడిగే సింక్‌లో పోయొద్దు. ఈ క్రిములు సింక్ గొట్టం పాకుడులో నెలల తరబడి బతికి, కుళాయి తిప్పినప్పుడల్లా తుంపర్లతో పైకి వస్తాయి. పక్క మంచాలవాళ్లకి రెండేసి రోజుల తేడాతో మూడు స్వాబ్‌లు తీస్తాం, ఒక్క నెగటివ్‌తో వదిలేయం.

మన ఆసుపత్రుల్లో సగం సేవ చేసేది అటెండర్లే. మూత్రం సంచి ఖాళీ చేసేది, తినిపించేది, పక్క మంచం ముసలామెకి నీళ్లు అందించేది వాళ్లే. కొండకి పోయి వచ్చినవాళ్లు ప్రసాదం మంచం మంచానికీ పంచుతారు. వద్దనలేం, అనకూడదు కూడా. సబ్బుతో చేతులు కడిగి పంచమంటాం, బెడ్‌పాన్ ముట్టాక మరీ. గది తలుపు మీద రోగి పేరు, జబ్బు పేరు రాసే బోర్డు పెట్టం. కాంటాక్ట్ జాగ్రత్తల గుర్తు ఉంటే చాలు. విడిగా పెట్టిన రోగి దగ్గరికి డాక్టర్లు, సిస్టర్లు తక్కువసార్లు పోతారన్నది చాలా చోట్ల గమనించినదే. రౌండ్స్‌లో ఆ మంచాన్ని చివర్లో చూడండి, కానీ వదిలేయకండి అని డాక్టర్లకు ప్రతిసారీ చెబుతాం.

పాజిటివ్ వచ్చిన రోగికి అదే అడ్మిషన్‌లో మళ్లీ నెగటివ్ వచ్చినా జాగ్రత్తలు ఎత్తేయం. ఈ క్రిమి నెలల పాటు, కొందరిలో ఏడాది దాటి కూడా ఉంటుంది, మధ్యలో దొరక్కపోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో తప్పకుండా రాయిస్తాం: 'పేగుల్లో సీఆర్ఈ ఉంది, తేదీ ఇది, జన్యువు ఇది.' డయాలసిస్‌కి పోయేవాళ్లయితే ఆ సెంటర్‌కి ఫోన్ చేసి చెబుతాం. ఇంట్లో వేరే గది అక్కర్లేదు, కంచం విడిగా పెట్టక్కర్లేదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. దొడ్డికి పోయి వచ్చాక, అన్నం వండే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంకే ఆసుపత్రిలో చేరినా, పంటి డాక్టరు దగ్గరికి పోయినా సరే, ఆ కాగితం ముందుగా చూపించమని రోగికీ, వెంట వచ్చినవాళ్లకీ ఇద్దరికీ చెప్పి పంపుతాం.